మీది ఏ ఊరు అని అడిగినందుకు

మా పెళ్ళయిన ఏడాదే మా ఇద్దరికీ అండమాన్‌లో టీచరు ఉద్యోగాలు వచ్చాయి. ఇద్దరికీ ఒకే బడిలో. మా శ్రీకాకుళం జిల్లాలో అలాంటి అదృష్టం ఎవరికీ పట్టగా నేను చూడలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళ పిల్లలు బాగా పెరిగారనీ, తెలుగులో చదువు చెప్పడానికి మాస్టర్లు కావాలనీ అంటే ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. స్వాతంత్ర్యం వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా మా నాన్నకు మాత్రం అండమాన్ అంటే కాలాపానీయే. అక్కడున్నవాళ్ళంతా ఖైదీలో, ఖైదీల బిడ్డలో అయి ఉంటారని ఆయన నమ్మకం. విశాఖపట్నం రేవులో మమ్మల్ని ఓడ ఎక్కిస్తూ ప్రార్థన చేసి, కళ్ళు తెరిచి, "ఎవర్నీ నమ్మకండి" అన్నాడు. ఆమెన్ తర్వాత ఆయన అన్న మాట అదొక్కటే.

ఓడలో మాకు దొరికింది అన్నిటికంటే కిందున్న బంకు క్లాసు. గాలి ఆడదు, నూనె వాసన, వాంతుల వాసన. నా పక్క బంకులో ఒక పడుచుపిల్ల, చంటిబిడ్డతో. ఒక్కతే వస్తోంది. సముద్రం ఊపుకి ఆమె తల ఎత్తలేకపోయింది. నా దగ్గరున్న నిమ్మకాయ కోసి వాసన చూడమని ఇచ్చాను. జలుబుతో ఏడుస్తున్న బిడ్డను నేనే ఎత్తుకుని తిప్పాను. కాస్త తేరుకున్నాక మాటల్లో పెట్టి, మీది ఏ ఊరని అడిగితే భావనపాడు పక్కన అని చెప్పింది. పెనిమిటి ముందే వెళ్ళాడట, ఇప్పుడు తనని రమ్మన్నాడట. మా జిల్లా పిల్ల అని నాకు ప్రాణం లేచి వచ్చింది. దిగేటప్పుడు జనంలో ఎటు పోయిందో కనబడలేదు.

జెట్టీ దగ్గరకు మా హెడ్మాస్టరు గారే స్వయంగా వచ్చారు. ఆయనా మన ఆంధ్ర వైపు నుంచి వచ్చినవారే, వచ్చి చాలా ఏళ్ళయింది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో ఎప్పుడూ గొడుగు. మా ట్రంకుపెట్టెలు జీపులోకి ఎక్కిస్తూనే మావారితో, "మాస్టారూ, ఇక్కడివాళ్ళు మంచివాళ్ళే. కానీ ఏదీ ఉన్నదున్నట్టు చెప్పరు. మరీ కలిసిపోకండి" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మీరు ఆడవాళ్ళు, మీతో అయితే మాట్లాడతారు. పిల్లల ఇళ్ళకు వెళ్ళి పరిచయం చేసుకోండమ్మా. ఎవరు ఎక్కడివాళ్ళో, ఎప్పుడొచ్చారో తెలిసి ఉంటే మనకే మంచిది" అన్నారు.

కలిసిపోవద్దని ఒక నోటితో, వెళ్ళి పరిచయం చేసుకోమని అదే నోటితో. అప్పుడు నాకు అది తప్పుగా తోచలేదు. ఇంకా కాళ్ళకింద నేల ఓడలాగే ఊగుతోంది.

మాకిచ్చిన ఇల్లు మిన్నీ బేలో, సముద్రం కనబడే వాలు మీద. చెక్క గోడలు, రేకు కప్పు. వాన పడితే ఒకరి మాట ఒకరికి వినబడదు. మా ఇంటి వెనక నుంచి వాలు పైదాకా గుడిసెలూ, చెక్క ఇళ్ళూ. అన్నీ మనవాళ్ళవే. చాలామంది చేపలవాళ్ళు, కొందరు ఓడల మీదా, పీడబ్ల్యూడీలోనూ పనిచేసేవాళ్ళు. ఆదివారం తెలుగులో ఆరాధన జరిగే చిన్న చర్చి కూడా ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. భాష మనది, దేవుడు మనవాడు, చేపలు కూడా మనవే.

మా పక్కింటి ఆవిడకు యాభై దాటి ఉంటాయి. ఆసుపత్రిలో ఆయాగా చేసేది. అక్కడ చిన్నా పెద్దా అందరూ ఆవిడను దీదీ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. మొదటిరోజు ఆవిడ తన గుమ్మంలో నిలబడి మా సామాను దిగుతున్నంతసేపూ ఒక్కొక్కటీ చూసింది. ట్రంకుపెట్టె చూసింది, పుస్తకాల మూట చూసింది, మావారి భుజానికి ఉన్న సంచీని మరీ ఎక్కువసేపు చూసింది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"కుళాయి మధ్యాన్నం బంద్ అయిపోద్ది. డ్రమ్ము నింపుకోండి" అంది.

"అలాగే దీదీ. మీది ఏ ఊరండీ?"

"ఇదే."

"కాదు, అసలు ఊరు?"

"అసలేటి, నకిలీయేటి? ఇదేనమ్మా, మిన్నీ బే" అని లోపలికి వెళ్ళిపోయింది.

నేను పెరిగిన చోట ఎవరైనా కనబడితే మొదట అడిగేది అదే. ఊరు చెబితే ఏ చుట్టమో, ఏ పరిచయమో బయటపడుతుంది. మాట అక్కణ్ణుంచి సాగుతుంది. అందుకని పిల్లల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా అదే అడిగాను. ఒకావిడ కళింగపట్నం అంది. మరో వారం అదే మనిషి ఇంకొకరితో బారువ అంటుంటే విన్నాను. ఒకతను "మా తాత కాలంలో" అన్నాడు, అతని భార్య అదే క్షణంలో "మా మామ కాలంలో" అంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నోరు మూసుకున్నారు. ఒక ఇంట్లో ముసలామెను అడగబోతే కోడలు మధ్యలోకి వచ్చి, "ఆమెకు కాన్ నహీ సున్తా, చెవుడు" అంది. నేను మెట్లు దిగుతుంటే ఆ చెవిటి ముసలామె, "ఎవలే అది?" అని అడగడం స్పష్టంగా వినబడింది.

ఇంటికొచ్చి మావారితో చెప్పాను. "వీళ్ళు ఏదో దాస్తున్నారండీ."

"మీ నాన్నగారు చెప్పలేదా?" అన్నారాయన. ఆయన ఆ మాట ఎగతాళికి అన్నారు. నేను ఎగతాళిగా తీసుకోలేదు. ఆ రోజే నా బంగారు గాజులు విప్పి గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను.

ఒకరోజు కుళాయి దగ్గర, ఓడలో కనబడిన పిల్ల ఎదురయింది. చంకలో అదే బిడ్డ. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. "ఏమ్మా, బాగున్నావా? బిడ్డకు జలుబు తగ్గిందా?" అని దగ్గరకు వెళ్ళాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది.

"ఎవలనుకున్నావో టీచరమ్మా. నాను ఇక్కడ పెళ్ళై వొచ్చి మూడేళ్ళయింది" అంది.

బిడ్డ నన్ను గుర్తుపట్టి చేతులు చాపింది. ఆమె బిడ్డను మరో చంకలోకి మార్చుకుని, బిందె సగమే నిండినా ఎత్తుకుని వెళ్ళిపోయింది. వాలు ఎక్కి, దీదీ ఇంటి వెనకున్న కొత్త గుడిసెలోకి దూరింది. నేను ఎండలో నిలబడిపోయాను. నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్న పిల్ల! ఇంత పచ్చి అబద్ధం ఎందుకు? ఆమెను ఎవరైనా ఎత్తుకొచ్చారా? ఆమె పెనిమిటి ఏదైనా చేసి పారిపోయి వచ్చాడా? నా ఊహలకు అంతు లేకుండా పోయింది.

మావారికి బడిలో వేరే బాధ. పిల్లలు తెలుగు మాట్లాడతారు కానీ అక్షరం ముక్క రాదు. లెక్క చెబితే హిందీలో గుణించి తెలుగులో జవాబు చెప్పేవారు. వైశాల్యం పాఠం ఎంత చెప్పినా ఎక్కడం లేదని ఆయన ఒకరోజు కొబ్బరితాడుకు ముళ్ళు వేసి, ఐదో తరగతి పిల్లల్ని బయటికి తీసుకువెళ్ళారు. బడి ఆవరణంతా బురద. వాలు మీద గుడిసెల మధ్య గట్టి నేల ఉందని అక్కడికి తీసుకుపోయారు. ఆ చివర ఇద్దరు, ఈ చివర ఇద్దరు తాడు పట్టుకుని, ఈ గుడిసె ముందు పొడవెంత, ఆ గుడిసె ముందు వెడల్పెంత అని కొలిచారు. పిల్లలు అంకెలు గట్టిగా అరిచారు. ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

"ఈరోజు మొదటిసారి పిల్లలు నవ్వారు" అన్నారు ఆయన ఇంటికొచ్చి. చాలా ఆనందంగా ఉన్నారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే సర్కారు భూముల ఆఫీసు జీపు వచ్చింది. దిగినవాళ్ళ చేతుల్లో కొలిచే గొలుసులున్నాయి. వాలంతా తిరిగారు, కొన్ని గుడిసెల గుంజలకు ఎర్రరంగు పూశారు. మళ్ళీ వచ్చినప్పుడు గునపాలతో వచ్చారు. పై వరసలో కొన్ని గుడిసెలు మధ్యాన్నానికల్లా నేలమీద ఉన్నాయి. రేకులు, వెదుళ్ళు, వంటగిన్నెలు, ఒక ఉయ్యాల, అన్నీ వానలో తడుస్తూ. మేము బడి నుంచి వచ్చేటప్పుడు దారి పొడవునా జనం నిలబడి ఉన్నారు. ఎవరూ కేక వేయలేదు, ఎవరూ తిట్టలేదు. మేము నడుస్తుంటే మాకు దారి ఇచ్చారు, అంతే. అంత మర్యాదగా దారి ఇవ్వడం చూసి నాకు భయం వేసింది.

మర్నాడు బడి గంట కొట్టాక నా తరగతిలో ఒక్కరూ లేరు. మావారి తరగతిలో హెడ్ కానిస్టేబుల్ గారి కూతురు ఒక్కతే ఉంది. హెడ్మాస్టరు గారు తన గదిలో ఓడలో వచ్చిన పాత పేపరు చదువుకుంటున్నారు. "వస్తార్లెండి. వీళ్ళకిది అలవాటే" అన్నారు. ఆయన గొంతులో ఆశ్చర్యం లేదు, కంగారు లేదు. ఆ నిదానం నా మనసులో ముల్లులా దిగింది.

ఆ రోజుల్లో మాకు చేప అమ్మినవాళ్ళు లేరు. బుట్ట నిండా చేపలుండగానే "ఖతం హో గయా" అని మూత పెట్టేసేవారు. నేను కుళాయి దగ్గరకు వెళితే బిందెలు పక్కకు జరిగేవి, మాటలు తెలుగులోంచి హిందీలోకి జరిగేవి. ఒక పొద్దున తలుపు తెరిస్తే గుమ్మం మీద చేప పేగులు పడి ఉన్నాయి. మావారు నీళ్ళు పోసి కడిగి, "వచ్చే ఓడకు వెళ్ళిపోదాం" అన్నారు. ఓడ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినా టికెట్టు దొరుకుతుందని నమ్మకం లేదు.

చర్చిలో అయినా మనసు కుదుటపడుతుందని వెళ్ళాను. చాప మీద నేను కూర్చోగానే నా రెండు పక్కలా ఉన్న ఆడవాళ్ళు లేచి వెనక్కి వెళ్ళారు. నా చుట్టూ చాప ఖాళీ. ఆ సంఘపెద్ద ఒకాయన, ఓడరేవులో ఫోర్‌మన్, లేచి ప్రార్థన చేశాడు. మొదట రోగుల కోసం చేశాడు, తర్వాత సముద్రం మీదున్నవాళ్ళ కోసం. ఆ తర్వాత గొంతు పెంచి, "తండ్రీ, మా మధ్యన కూకుని మా మాటలు మోసుకెళ్ళిపోయే నాలుకను కట్టెయ్యి తండ్రీ! మా ఊళ్ళడిగి మా గూళ్ళు పీకించే చేతిని ఎండగొట్టు ప్రభువా!" అన్నాడు. చర్చి మొత్తం ఆమెన్ అంది. నేను కూడా అలవాటు కొద్దీ ఆమెన్ అనేశాను. అన్నాక అర్థమయింది, నా చెయ్యి ఎండిపోవాలని నేనే ఒప్పుకున్నానని.

ఇంటికొచ్చి ఏడ్చాను. కానీ ఆ ఏడుపులోనే ఒక మాట తట్టింది: ఊళ్ళడిగి. అంటే నేను ఊరు అడగడం వీళ్ళకు అంత పెద్ద విషయమా?

ఇదిలా ఉండగా మా ఇంట్లోకి ఎవరో వస్తున్నారని నాకు అనుమానం మొదలయింది. బడి నుంచి వచ్చేసరికి పుస్తకాల దొంతర వరస మారి ఉండేది. చాప మడత వేరుగా ఉండేది. బియ్యం డబ్బా మూత నేను పెట్టిన వైపు కాకుండా ఇంకోవైపు తిరిగి ఉండేది. గాజులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఒకరోజు మూత మీద దారప్పోగు ఒకటి వేసి వెళ్ళాను. వచ్చేసరికి అది నేలమీద ఉంది. మావారు అబెర్దీన్ బజారుకు వెళ్ళి తాళం కొనుక్కొచ్చారు. ఆ వాలు మొత్తం మీద తాళం వేసిన ఇల్లు మాదొక్కటే అయింది. దారినపోయేవాళ్ళు ఆగి ఆ తాళాన్ని చూసి పోయేవారు. ఇంట్లో ఏదో ఉండబట్టే కదా తాళం, అని వాళ్ళ చూపు. మాకు వాళ్ళ మీద అనుమానం, ఆ తాళం చూసి వాళ్ళకు మా మీద రెట్టింపు అనుమానం.

ఇక అసలు సంగతి. ఒక శనివారం మధ్యాన్నం, వాన వెలిసిన వేళ, జీపు మా ఇంటి ముందే ఆగింది. గునపాలతో వచ్చిన ఆఫీసరే. ఈసారి ఒక్కడే లోపలికి వచ్చి, చాలా మర్యాదగా కుర్చీలో కూర్చున్నాడు. హిందీలో మాట్లాడాడు. మాకు పరీక్షల కోసం చదివిన హిందీ ఉంది, అర్థం చేసుకోగలం.

టీ ఇచ్చాను. అతను టీ తాగుతూ, పాతవాళ్ళను తాము ఏమీ అనబోమనీ, ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు వేరేచోట జాగా ఇస్తామనీ, కొత్తగా దిగి గుడిసె వేసుకున్నవాళ్ళను మాత్రం తిరుగు ఓడ ఎక్కిస్తామనీ చెప్పాడు. "ఎవరు పాతో ఎవరు కొత్తో అడిగితే అందరూ మేం ఇక్కడే పుట్టాం అంటారు. మీరు ఇంటింటికీ వెళ్ళారు కదా బహన్‌జీ. మీకు అన్నీ తెలుసని మీ హెడ్మాస్టరు గారు చెప్పారు" అన్నాడు.

మావారు నావైపు చూశారు. ఆయన మొహం ఎర్రబడింది. హెడ్మాస్టరు మాట మీద కోపమో, వాలు మీదివాళ్ళు చేసిన అవమానమో, రెండూనో తెలియదు. నాకైతే ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. జనం మమ్మల్ని ఎందుకు అలా చూశారో, ఆ పిల్ల నన్ను ఎందుకు ఎరగనందో. మా మీద వాళ్ళకున్న అనుమానం ఒట్టిది కాదు. మేము ఏమీ చేయలేదు, నిజమే. కానీ మాతో చేయించాలనుకున్నవాడు మా కుర్చీలోనే కూర్చుని మా టీ తాగుతున్నాడు.

"నేను అడిగాను, నిజమే" అన్నాను నాకొచ్చిన హిందీలో. "ఒకావిడ ఒకరోజు ఒక ఊరు చెప్పింది, ఇంకోరోజు ఇంకో ఊరు చెప్పింది. మొగుడు తాత అన్నాడు, పెళ్ళాం మామ అంది. నాకు ఎవరూ నిజం చెప్పలేదు. నాకేమీ తెలియదు."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. వాళ్ళు నాతో ఆడిన అబద్ధాలన్నీ ఆ పూట నాకు అడ్డం నిలబడ్డాయి.

ఆఫీసరు నవ్వాడు. "సరే. మీరు వచ్చిన ఓడలో ఇటువైపు వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా? చూసే ఉంటారు కదా?"

రేకు కప్పు అంచు నుంచి నీళ్ళు డ్రమ్ములో పడుతున్నాయి. మావారికీ తెలుసు. ఓడలో ఆ బిడ్డను ఆయన కూడా ఎత్తుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపే నేను మాట అందుకోవాలి. మేము కొత్తగా వచ్చిన సర్కారు ఉద్యోగులం, ఇంకా పర్మనెంటు కాలేదు. పైగా ఆ పిల్ల నన్ను నలుగురిలో ఎరగనంది. గుమ్మం మీద పేగులు వేసింది ఆ ఇంటివాళ్ళేనేమో కూడా.

"నాకు ఓడ పడలేదు" అన్నాను. "ఎక్కింది మొదలు దిగేదాకా తల ఎత్తలేదు. పక్కన ఎవరున్నారో కూడా చూడలేదు."

మావారు గొంతు సవరించుకుని, "ఈమెను చూసుకోవడంతోనే సరిపోయింది నాకు" అన్నారు.

పెళ్ళయ్యాక మేమిద్దరం కలిసి ఆడిన మొదటి అబద్ధం అది. ఆఫీసరు ఖాళీ కప్పు కింద పెట్టి, మమ్మల్నిద్దరినీ ఒకసారి తేరిపార చూసి వెళ్ళిపోయాడు. నమ్మాడని నేను అనుకోను.

జీపు చప్పుడు దూరమయ్యాక పెరటి వైపు తలుపు దగ్గర అలికిడి అయింది. దీదీ. చెక్క గోడ అవతల నిలబడి అంతా విన్నదని ఆమె మొహమే చెబుతోంది. లోపలికి రమ్మని అనకుండానే వచ్చి, నేలమీద కూర్చుంది.

"ఆ పిల్ల నా తమ్ముడి పెళ్ళాం. తమ్ముడంటే ఊళ్ళో ఉండిపోయిన మా సిన్నాన్న కొడుకు" అంది.

"తెలుసు."

"నీకెలగ తెలుసు?"

"మీ వెనక గుడిసెలోకి వెళ్ళడం చూశాను."

దీదీ తల ఊపింది. "నీ ఇంట్లోకి నానే వొచ్చినాను. మూడు నాలుగు పాలి. నీ మొగుడు కొలిచే తాడు కాక ఇంకేటైనా ఆఫీసువాళ్ళ సామాను ఉన్నాదేమోనని చూసినాను. ఏటీ దొరకలేదు. నీ బియ్యం పురుగట్టీసినాయి, ఎండలో ఎయ్యి."

మావారు లేచి నిలబడి, "మా ఇంట్లోకి మేము లేనప్పుడు రావడం ఏమిటి?" అని గట్టిగా అడిగారు.

"మరి మా వాకిట్లోకి తాడు పట్టుకుని నువ్వొచ్చినావు కదా మాస్టారూ. నన్నడిగి వొచ్చినావా?" అంది దీదీ. గొంతు పెంచలేదు. ఆయన కూర్చుండిపోయారు.

అప్పుడు నేను అడిగాను, ఊరు అడిగితే అంత భయం ఎందుకని. ఆవిడ చెప్పిన తీరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "ఇక్కడ బెంగాలీవాళ్ళను సర్కారే జహాజ్ ఎక్కించి తెచ్చింది. జమీన్ ఇచ్చింది, ఎద్దులిచ్చింది. మనల్ని ఎవులు పిలిచినారు? మా అయ్య నన్ను సంకనెట్టుకుని వొచ్చినాడు. పని ఉన్నాదంటే వొచ్చినాడు. ఎవులికీ పట్టా లేదు, కాగితం లేదు. ఏ ఊరు అని అడిగినోడు ఎవుడైనా సరే, ఆ ఊరికి పంపించడానికే అడుగుతాడు. అలగే అనుకుంటాం మేము. నువ్వు వొచ్చిన మొదటిరోజే అడిగినావు. ఇంటింటికీ ఎళ్ళి అడిగినావు. ఎంటనే నీ మొగుడు తాడేసి కొలిచినాడు. ఎంటనే జీపు వొచ్చీసింది. నువ్వయితే ఏటనుకుంటావు?"

నేనైనా అదే అనుకుంటాను. ఆ మాటే చెప్పాను.

అంతటితో అంతా సర్దుకుపోయిందనుకుంటే పొరపాటు. సోమవారం నా తరగతికి నలుగురు పిల్లలు వచ్చారు, దీదీ మనవలూ వాళ్ళ స్నేహితులూ. మిగతావాళ్ళు రావడానికి వానాకాలం దాటింది. చేపలు దొరకసాగాయి, కానీ మాకు ఇచ్చే చేపను ఎప్పుడూ బుట్ట అడుగునుంచే తీసేవారు. చర్చిలో ఆ సంఘపెద్ద తన ప్రార్థనను వెనక్కి తీసుకోలేదు. ఒక ఆదివారం దీదీ వచ్చి నా పక్కన ఖాళీ చాప మీద కూర్చుంది. ఆమె చూపుకు జడిసి మరో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. మావారు మాత్రం ఆ చర్చి గడప మళ్ళీ తొక్కలేదు. ఇంట్లోనే బైబిలు చదువుకునేవారు. పడగొట్టిన గుడిసెల వాళ్ళలో ఒక కుటుంబం మేము ఆ దీవిలో ఉన్నన్నేళ్ళూ మాతో మాట్లాడలేదు. మేమెంత చెప్పినా వాళ్ళు నమ్మలేదు. వాళ్ళను నేను తప్పుపట్టలేను.

ఓడలో వచ్చిన ఆ పిల్ల కుళాయి దగ్గర నన్ను చూస్తే ఇప్పుడు నవ్వేది. కానీ ఓడ మాట మాత్రం ఎత్తేది కాదు, నేనూ ఎత్తలేదు. బిడ్డను మాత్రం తెచ్చి నా చేతికిచ్చి బట్టలు ఉతుక్కునేది.

మరుసటి ఏడాది పాతవాళ్ళకు బ్రూక్షాబాద్ వైపు జాగాలు ఇచ్చారు. దీదీ ఇంటితోపాటు తమ్ముడి గుడిసె కూడా ఆమె కుటుంబం కిందే లెక్కలోకి వచ్చింది. ఎలా వచ్చిందో నేను అడగలేదు. సామాను లారీకి ఎక్కించిన రోజు నేనూ వెళ్ళాను. అక్కడింకా చెట్ల మొద్దులు నేలలోనే ఉన్నాయి, కాలు పెడితే జలగలు. చుట్టుపక్కల అన్ని భాషలవాళ్ళూ ఉన్నారు. రాంచీవాళ్ళు, తమిళులు, మలయాళీలు. అందరూ పనులు ఆపి మా లారీని చూశారు. దీదీ గుంజలు పాతే చోట నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వాళ్ళను అంతకంటే గట్టిగా చూసింది. ఆ తర్వాత ఆమె ఇల్లు లేచింది, జామచెట్టు పెరిగింది. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళేదాన్ని. నా మొదటి కాన్పు ఆమె చేతుల మీదే జరిగింది.

ఇక మిగిలింది హెడ్మాస్టరు గారు. ఆఫీసరు వచ్చివెళ్ళాక సోమవారం బడి తెరవగానే మావారు ఆయన గదికి వెళ్ళి, "మాకు అన్నీ తెలుసని మీరెందుకు చెప్పారు సార్?" అని నిలదీశారు. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "వాళ్ళు నన్ను అడిగారు మాస్టారూ. నేను వచ్చి ఎన్నేళ్ళయింది, నాకు అందరూ తెలుసు. నేను నోరు తెరిస్తే సగం వాలు ఖాళీ అయ్యేది. మీరు కొత్తవాళ్ళు, మీకేమీ తెలియదని వాళ్ళే తెలుసుకుని పోతారని మీ పేరు చెప్పాను" అన్నారు. ఆ మాట నిజమైతే ఆయన వాలును కాపాడినవాడు. అబద్ధమైతే ఇద్దరు కొత్తవాళ్ళను ముందుకు తోసి తాను తప్పుకున్నవాడు. జెట్టీ దగ్గర నన్ను ఊళ్ళు అడగమన్నది ఎందుకని నేను అడగలేకపోయాను. అడిగినా దానికీ ఆయన దగ్గర చక్కని జవాబు ఉండేది.

దీదీని అడిగాను ఒకసారి, ఆయన సంగతి ఏమిటని. "ఆ సాబ్ మంచోడో చెడ్డోడో మాకూ తెలీదు. ఇన్నేళ్ళయినా తెలీలేదంటే చూడు" అంది.

ఆయన పక్క గదిలోనే నేను చాలా ఏళ్ళు పాఠం చెప్పాను. మా పాపకు పేరు పెట్టినప్పుడు వెండి గ్లాసు ఇచ్చారు. నాకు జ్వరం వస్తే నా తరగతి ఆయనే చూసుకున్నారు. అయినా జీపు ఏదైనా బడి ముందు ఆగితే నా కళ్ళు మొదట ఆయన కిటికీ వైపే వెళ్ళేవి. ఆయన రిటైరై ఇంటికి వెళ్ళిపోయే రోజున బడి మొత్తం జెట్టీకి వెళ్ళింది. పిల్లలు దండలు వేశారు. ఆయన నా దగ్గరకు వచ్చి, గొడుగు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ జోడించారు.

"మీరు నన్ను ఎప్పుడూ నమ్మలేదు కదమ్మా" అన్నారు నవ్వుతూ.

నేనూ చేతులు జోడించాను. లేదనీ అనలేదు, అవుననీ అనలేదు. ఆయన కాసేపు జవాబు కోసం చూసి, మెట్లెక్కి పైకి వెళ్ళారు. ఓడ కదిలేదాకా డెక్కు మీద నిలబడి చెయ్యి ఊపుతూనే ఉన్నారు. పిల్లలంతా ఊపారు. నేనూ ఊపాను.